పెద్దమ్మ తీర్పు

టీవీ సీరియళ్లు పనీపాటా లేని ఆడవాళ్ల కాలక్షేపం అని కొట్టిపారేసేవాళ్లను ఒక్క సాయంత్రం నస్రుల్లాబాద్ తీసుకుపోవాలనిపిస్తుంది నాకు. పనీపాటా లేని ఆడమనిషి ఆ ఊళ్లో నాకు ఇంతవరకు కనబడలేదు.

బాన్సువాడకు దగ్గరి ఊరు. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు బీర్కూర్ నుంచి విడదీసి మండల కేంద్రం చేశారు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ పుణ్యాన ఆ వైపంతా వరి. మగవాళ్లు కొందరు పొలంలో, కొందరు ట్రాక్టరు మీద, కొందరు దుబాయిలో, మస్కట్‌లో. ఆడవాళ్లు నాట్లకు పోతారు, కలుపుకు పోతారు, ఇంటికొచ్చి బీడీల చాట ఒళ్లో పెట్టుకుంటారు. మా పెద్దమ్మ ఇల్లు కూడా అంతే.

బీడీ పని దగ్గరుండి చూడనివాళ్లకు అందులో ఎంత ఉందో తెలియదు. తునికాకును ముందురోజు తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టాలి. అచ్చురేకు ఆనించి కత్తెరతో ముక్క కోయాలి. ముక్కలో చిటికెడు తంబాకు పరిచి, బిగువుగా చుట్టి, నోరు మడిచి, దారం కట్టాలి. 25 బీడీలకు ఒక కట్ట, 40 కట్టలకు వెయ్యి. ఒక్క కట్ట వదులుగా ఉన్నా కార్ఖానాలో పక్కన పడేస్తారు, ఆ కూలి పోయినట్టే. ఆకు ఆరిపోతుందని, తంబాకు లేచిపోతుందని ఎంత ఉక్కగా ఉన్నా ఫ్యాను వేసుకోరు. మెడ వంచి గంటల కొద్దీ కూర్చునే ఈ పనిలో ఒకే ఒక్క వెసులుబాటు, చేతులకు అలవాటైతే కళ్లతో పని లేకపోవడం. ఆ కళ్లను వాళ్లు టీవీకి ఇచ్చారు. పూర్తిగా ఇచ్చారు. నాకు తెలిసి ఇంత శ్రద్ధగా కథ చూసే ప్రేక్షకులు సినిమా హాళ్లలో కూడా ఉండరు.

2019 వానకాలం వెళ్లిపోతుండగా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఒక ముచ్చటుంది బిడ్డా. ఫోన్ల చెప్పేది గాదు. నువ్వు బడి పంతులమ్మవు, నాలుగిండ్లు తెలిసినదానివి. ఒక్కపారి వచ్చిపో" అంది. నిజామాబాద్‌లో బస్సెక్కి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. కోడలు మంచినీళ్లిచ్చి, కాళ్లకు నీళ్లు పెట్టి, తిరిగి తన చాట ముందు కూర్చుంది. ఏం ముచ్చట అని అడిగితే పెద్దమ్మ గోడ గడియారం వైపు చూసింది.

"సీరియల్ అయినంక చెప్త."

ఏడున్నర కొట్టేసరికి చుట్టుపక్కల ఇళ్ల నుంచి ఆడవాళ్లు చాటలతో వచ్చేశారు. పాతికేళ్లుగా అదే వరస. ఆ గదిలో ఎవరి చోటు వాళ్లది. పెద్దమ్మ నడిమిట్ల, టీవీకి ఎదురుగా. టీవీ పక్కన గోడకు ఒక మేకు, దానికి ఒక స్కానింగ్ సెంటరు ప్లాస్టిక్ కవరు వేలాడుతోంది. పెదనాయన బయట అరుగు మీద వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. చూడడు గానీ ఒక్క మాట వదలడు.

అప్పటికి స్టార్ మాలో కార్తీక దీపం మొదలై రెండేళ్లు కావస్తోంది. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచి, ఆ తర్వాత 2024 మార్చిలో రెండో భాగంగా మళ్లీ వచ్చిన ఆ సీరియల్ తెలుగు ఇళ్లలో ఎంత దూరం పోయిందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నల్లగా పుట్టిన దీప. ఆమెను కోరి పెళ్లాడిన డాక్టర్ కార్తీక్. తనకు పిల్లలు పుట్టరని నమ్మి, భార్య కడుపులో ఉన్నది తన బిడ్డ కాదని ఆయన అనుమానించడం. దీప బయటికొచ్చి వంటలు చేసి కూతుర్ని పెంచుకోవడం. నడుమ కార్తీక్‌ను తనవాణ్ణి చేసుకోవాలనుకునే మోనిత. దీపగా వేసిన ప్రేమీ విశ్వనాథ్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, వంటలక్క అనే అంటారు. కార్తీక్‌గా వేసిన నిరుపమ్ పరిటాల ఎక్కడికి పోయినా డాక్టర్ బాబే.

ఆ గదిలో ఆ సాయంత్రం విన్న అభిప్రాయాలు రాసి పెట్టుకోదగినవి. ఏ పత్రికలోనూ అంత సూటి విమర్శ నేను చదవలేదు.

ఎదురింటామె దీప మీదే కోపంగా ఉంది. "ఏ పొద్దు జూసినా నిలబడే ఉంటది. ఒక్క దినమన్న కూసోని కడుపునిండ తిన్నట్టు చూపెట్టిన్రా?" అంది. అది నటన మీద మాట కాదు, రచన మీద మాట. కష్టపడే ఆడది తిండి తినడం కథ రాసేవాళ్ల కంట్లో పడదు. ఇంకొకామె మోనిత వైపు. "అది లేకుంటే సీరియలే లేదు. అది పడుకుంటే వీళ్లందరు పడుకుంటరు" అంది. అరుగు మీద నుంచి పెదనాయన, "గంత పెద్ద డాక్టరు, ఒక్క రోగినన్న చూస్తడా?" అన్నాడు. మూల ఇంటి పొల్ల బాన్సువాడలో ఇంటరు చదువుతోంది. సందు దొరికితే పుస్తకం మూసి వచ్చేస్తుంది.

ఈ కథ మలయాళంలో కరుత్తముత్తు పేరుతో ముందే వచ్చిందని, అక్కడా మొదట ఈవిడే నటించిందని, నలుపు కోసం ఆమెకు మేకప్ వేస్తారని నేను చెప్పాను. చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"అంటే తెల్లటామెకు నలుపు పూసిన్రా?" అంది ఇంటరు పొల్ల. "నల్లటోళ్లు దొర్కలేదా?"

పెద్దమ్మ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఆమె మాట్లాడితే అది తీర్పు కింద లెక్క, అందుకే తొందరపడదు. "నలుపు తెలుపు దేవుడిచ్చింది. అత్త సౌందర్యను చూడు, అంత పెద్దింటి మనిషి. కోడలు నల్లగుందని మొదట ఎంత గోస పెట్టింది! తోలు జూసి మనిషిని కొలుస్తరా? చదువుకున్నోళ్లు చేసే పనా అది?" అంది. అందరూ తలలూపారు.

ఆమెకు తీర్పు చెప్పే హక్కు ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అక్షరం రాదు గానీ కథలు చూడటంలో ఆమె అనుభవం చిన్నది కాదు. 1987-88లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో రామాయణం వస్తుంటే ఊళ్లో ఉన్న ఒక్క టీవీ ముందు నేల మీద కూర్చుని చూసింది. భాష రాదు. సీతమ్మ అగ్నిలో దిగేనాడు అందరూ దండాలు పెడుతుంటే ఈమె మాత్రం లేచి ఇంటికి వచ్చేసిందట. "దేవుడైతే ఏంది, అనుమానం అనుమానమే" అని ఇప్పటికీ అంటుంది. తర్వాత ఋతురాగాలు. ఆ తర్వాత జెమినీలో చక్రవాకం, మొగలిరేకులు. ఈ మూడింటి వెనకా మంజులా నాయుడు అనే ఒక్క ఆడమనిషి ఉందని నేను చెప్పినప్పుడు, "అందుకే మరి, ఆడోళ్ల మాటలు సక్కగ ఉండె" అంది. మూడూ చూసి, మూడింట్లోనూ ఒక చేతి వాటం పట్టుకున్న మనిషి ఆమె.

ఇలాంటి చూపును కొలిచే సాధనం లేదు. బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెట్టి, ఎవరు ఏ చానెల్ ఎన్ని నిమిషాలు చూశారో లెక్కగడుతుంది. 2015 నుంచి పల్లెలనూ ఆ లెక్కలో కలిపారు. గురువారం అంకెలు వస్తాయి, ఆ అంకెలను బట్టి కథలు సాగుతాయి, మలుపు తిరుగుతాయి, ఆగిపోతాయి. మీటరు నిమిషాలను లెక్కపెడుతుంది. ఆ నిమిషాల్లో ఈ గదిలో ఎవరు ఎవరిని తిట్టారో, ఎందుకు తిట్టారో దానికి పట్టదు. డాక్టర్ బాబును బట్టలూడదీసి తిట్టినా అది ఆయనకు వచ్చిన రేటింగు కిందే పోతుంది. రాసేవాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. రెండు వందల కిలోమీటర్లు కూడా లేని దూరం, ఒక్కరోజు వచ్చి ఈ ఆడవాళ్ల నడుమ కూర్చుంటే వాళ్ల కథలు ఎంత బాగుపడతాయో!

ఆ రోజు భాగంలో మోనిత మళ్లీ పెళ్లి మాట ఎత్తింది. గది ఒక్కసారిగా గుసగుసల్లోనే మండిపోయింది.

"ఒక ఆడిది ఉండంగ ఆ ఇంట్ల ఇంకో ఆడిది అడుగు పెడ్తదా? సిగ్గు శరం ఉండాలె" అంది పెద్దమ్మ.

"మొదటి భార్య ఉండంగ రెండో లగ్గం చెల్లదమ్మమ్మా. హిందూ వివాహ చట్టం, 1955. చేసుకున్నోనికి జైలు" అంది ఇంటరు పొల్ల.

"జైల్ల పెట్టాలె. చేసుకున్నోన్ని పెట్టాలె, చేసుకున్నదాన్ని పెట్టాలె, దగ్గరుండి చేపిచ్చినోళ్లను ముందుగల పెట్టాలె."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. చట్టం చదివినవాళ్లకు కూడా చేయించేవాళ్లు గుర్తుకు రారు. లగ్నం పెట్టేవాళ్లు, పిల్లను చూసేవాళ్లు, భోజనాలు తిని పోయేవాళ్లు, అందరూ తప్పించుకుంటారు. ఆమె దృష్టి మొదట వాళ్ల మీదికే పోయింది.

తెర మీద డాక్టర్ బాబు దీప వైపు వేలు చూపిస్తూ, ఆ బిడ్డకు తండ్రెవరని మళ్లీ అడిగాడు. ప్రకటనలు మొదలయ్యాయి. ఆ సీరియల్ చూసిన ప్రతి ఇంట్లో, ప్రతి టీ కొట్టు దగ్గర అప్పట్లో ఒకే మాట. డాక్టరై ఉండి ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించలేడా అని. నస్రుల్లాబాద్‌లో ఆ మాట ఎట్లా వచ్చిందో వినండి.

"అమ్మమ్మా, డీఎన్ఏ చేస్తే తేలిపోతది, ఎవల బిడ్డనో" అంది ఇంటరు పొల్ల.

"అది ఎనక ముచ్చట" అంది పెద్దమ్మ. చేతిలో బీడీకి దారం బిగించి, చాటలో వేసి, అప్పుడు చెప్పింది. "బిడ్డను పరీక్ష చేసుడు ఎందుకే? ఆ పసిదేం తప్పు చేసింది? పిల్లలు పుట్టరని ఎవలకు చెప్పిన్రు? ఆయనకు. పరీక్ష ఎవలు చేసుకోవాలె? ఆయన. ఒకలు చెప్తె నమ్మిండు. ఇంకోకాడ ఇంకోపారి చూపిచ్చుకోవద్దా? ఒక్క పరీక్ష! తాను చేసుకోడు, పెండ్లాన్ని మాత్రం దినాం బోనుల నిలవెడ్తడు. డాక్టరట, డాక్టరు!"

అంత స్పష్టంగా ఆ కథలోని అన్యాయాన్ని విప్పి చెప్పినవాళ్లను నేను చూడలేదు. నగరంలో అందరూ పిల్లకు డీఎన్ఏ చేయమనే అన్నారు. పరీక్ష మగవాడికి చేయమని అన్నది ఈమె ఒక్కతే. నేను లేచి ఆమె భుజం మీద చేయి వేశాను.

కోడలు మాత్రం ఏమీ అనలేదు. ఆ గదిలో అందరికంటే వేగంగా కదిలేవి ఆమె వేళ్లే. ఎదురింటామె ఒక కట్ట కట్టేలోపు ఆమెవి రెండవుతాయి. ఛామనఛాయ కంటే ఒక పిసరు నలుపు, పెద్ద కళ్లు, ఎప్పుడూ దించుకునే తల. నువ్వేమంటావని నేనే అడిగాను.

"నాకేం తెలుసు వదినె" అంది.

"చూస్తున్నవు గద. చెప్పు."

కత్తెర కింద పెట్టింది. "దీప ఎప్పుడో ఎల్లిపోవాల్సింది వదినె. ఇంకో ఊరికి. ఆయనకు కనబడేకాడనే ఎందుకుండుడు? నమ్మాలని ఎదురుచూసుడు ఎందుకు? ఆయన నమ్మితే ఎంత, నమ్మకుంటే ఎంత? వంటొచ్చు గద ఆమెకు."

ఎవరూ ఒప్పుకోలేదు. "ఎల్లిపోతే కథేముంది?" అంది ఒకామె. "పసుపు తాడు ఉత్తదేనా?" అంది ఎదురింటామె. పెద్దమ్మ, "చిన్న పిల్ల, దానికేం తెలుసు" అని కొట్టేసింది. ఇంతలో సీరియల్ మళ్లీ మొదలైంది, ఆమె చేయెత్తింది, అందరూ నోళ్లు మూశారు. సీరియల్ నడిచేప్పుడు ఆ ఇంట్లో గొంతు లేవడానికి వీల్లేదు.

ఎనిమిదయింది. చాటలెత్తుకుని ఆడవాళ్లు వెళ్లిపోయారు. కోడలు లేవలేదు. నాకు మూరెడు దూరంలో కూర్చుని పొద్దున కార్ఖానాకు పోవాల్సిన కట్టలు లెక్కబెడుతోంది. పెద్దమ్మ కాళ్లు చాపుకుని మోకాళ్లు ఒత్తుకుంది.

"ఏందో ముచ్చటంటివి" అన్నాను.

"ఆ. మా వోనికి ఒక పిల్లను చూడు బిడ్డా."

ఆమెకు కొడుకు ఒక్కడే. హార్వెస్టరు నడుపుతాడు. వాడి పెళ్లికి నేను వచ్చాను, అక్షింతలు వేశాను.

"లగ్గమై ఆరేండ్లాయె" అంది. సీరియల్ నడిచినంతసేపూ అందరినీ గుసగుసల్లో ఉంచిన మనిషి, ఇప్పుడు గొంతు తగ్గించలేదు. "కడుపు పండలే. బాన్సువాడల చూపిచ్చినం, నిజామాబాద్‌ల చూపిచ్చినం, హైదరాబాద్ దాక తీస్కపోయినం. అగో, ఆ కవరు నిండ కాయిదాలే. ఈమెకు చెయ్యని పరీక్ష లేదు."

లేచి మేకు మీది కవరు తీశాను. రక్త పరీక్షలు, స్కానింగులు, గర్భసంచిలోకి మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే. అది ఎంత నొప్పో చేయించుకున్నవాళ్లకు తెలుసు. కాగితం తర్వాత కాగితం, అంతా బాగానే ఉందని రాసి ఉంది. వేర్వేరు డాక్టర్ల చీటీలు చూశాను. చేతిరాతలు వేరు, కింద రాసిన మాట ఒకటే: భర్తకు వీర్య పరీక్ష చేయించాలి. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం చోట్ల కారణం మగవాడి వైపు కూడా ఉంటుంది. సూది గానీ కోత గానీ నొప్పి గానీ లేని పరీక్ష అది. ఆ ఒక్క కాగితమే కవరులో లేదు.

"తమ్మునికి చేయించారా పెద్దమ్మా?"

"వానికెందుకే పరీక్ష? వాడు మొగోడు."

"డాక్టర్ బాబు గూడ మొగోడే గద. ఇంతసేపు నువ్వే అంటివి, ఒక్క పరీక్ష అని..."

"గది సీరియల్ బిడ్డా" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

కోడలు లెక్క ఆపలేదు.

"మరి ఈ పిల్ల?"

"ఏడికి పోతది? ఈడనే ఉంటది. వంట మంచిగ చేస్తది."

"నేను చూడను పెద్దమ్మా. నువ్వూ చూడొద్దు" అన్నాను. గట్టిగానే అన్నాను, అరుగు మీద పెదనాయనకు కూడా వినబడాలని.

ఆమెకు కోపం రాలేదు.

"నువ్వు గాకుంటే ఇంకొకలు చూస్తరు. ఎవలు చూసినా జర తెల్లటి పొల్లను చూడాలె. ఈమె నలుపని నేను అప్పుడే అన్న. మీ పెదనాయన ఇనలే."